గొడ్డలికి నాలుగణాలు

ఖమ్మం పక్కన సాగర్ కాలువల మధ్య పెరిగినవాడికి పొలం నేరమంటే నీళ్ల నేరమే. రాత్రి పార భుజాన వేసుకుని పోయి తూము ఎత్తుకోవడం, పై మడి రైతు వేసిన అడ్డుకట్టకు గండి కొట్టడం, తెల్లారి లస్కరు వచ్చి అరిస్తే ఏమీ ఎరగనట్టు గొడ్లకు మేత వేస్తూ నిలబడటం. ముదిరితే పెద్దమనుషుల్లో పంచాయితీ. ఠాణా గడప తొక్కిన తగాదాలు ఊరికి రెండో మూడో ఉంటాయి. వాటినే తరాల తరబడి చెప్పుకుంటారు.

ఆ కాలువల ఊరి మనిషి ఒకాయన, పత్రికలకు రాసుకునేవాడు, ఏప్రిల్ ఆఖరున భద్రాచలం అవతల శబరి ఒడ్డు దాకా వెళ్లొచ్చాడు. అడవి అంచున భూమి కోసం జరిగిన పాత గొడవలు, వాటి వెంబడి వచ్చిన పోలీసులు, ఆ చోట్లు ఇప్పుడెలా ఉన్నాయో చూడాలని కోరిక. సంచిలో 1907 నాటి గోదావరి జిల్లా గెజిటీరు ప్రతి ఒకటి పెట్టుకున్నాడు. హెమింగ్వే అనే ఐసీఎస్ అధికారి రాసిన సర్కారీ పుస్తకం అది. తిరుగుబాటుదార్లను మెచ్చుకునే పుస్తకమేమీ కాదు. అయినా సర్కారు చేసిన తప్పులను దాచకుండా చెప్పింది. అందుకే దాన్ని నమ్ముకున్నాడు.

ఏన్కూరు దాటేసరికి కాలువ వెనకబడిపోయింది. మిర్చి కల్లాలు, పత్తి కట్టె కుప్పలు, మామిడి తోటలు, ఆ తర్వాత రోడ్డుకు అటూ ఇటూ వరసలు తీరిన జామాయిల్. సారపాక కాగితం మిల్లు పుణ్యమా అని ఈ చెట్టు ఖమ్మం మెట్ట పొలాలను సగం మింగేసినట్టు కనబడుతుంది. జూలూరుపాడు దగ్గర టేకులు ఆకు రాల్చి బోడిగా నిలబడి ఉన్నాయి. పక్క మండలం చండ్రుగొండ. దారి మళ్లించమని డ్రైవరుకు చెప్పాడు.

బెండాలపాడు దగ్గర అడవిలో ఎర్రబోడు అనే గుత్తికోయల గూడెం ఉంది. 2022 నవంబరు 22న అక్కడ అటవీ శాఖ నాటిన మొక్కల దగ్గర తగాదా పెరిగి, రేంజి అధికారి చలమల శ్రీనివాసరావును వేటకొడవళ్లతో నరికారు. ఆయన బతకలేదు. మరుసటి ఏడాది ఆగస్టులో కొత్తగూడెం కోర్టు ఇద్దరికి యావజ్జీవ శిక్ష వేసింది. రాష్ట్రమంతా కొన్నాళ్లు అట్టుడికింది. ఫారెస్టు సిబ్బంది తమకు తుపాకులు కావాలన్నారు. గుత్తికోయలను తిరిగి ఛత్తీస్‌గఢ్ పంపించాలని పంచాయతీ తీర్మానాల దాకా పోయింది.

రోడ్డు పక్కన టీ బండి ఆసామిని ఆ సంగతి కదిపితే గ్లాసులు కడుగుతూనే జవాబు చెప్పాడు: “అప్పుడు నాలుగు రోజులు కార్ల మీద కార్లు వచ్చినయి సారూ. మళ్ల ఎవరూ రాలె. మీరూ ఛాయ్ తాగి పోతరు.” కోపం లేదు, వెటకారమూ లేదు. వాన పడింది, వెలిసింది అన్నట్టుగా అన్నాడు. డబ్బులిస్తే రెండు బిస్కెట్లు ఎక్కువే పెట్టాడు.

గుత్తికోయలు ఇక్కడివాళ్లు కారు. 2005 తర్వాత బస్తర్‌లో సల్వాజుడుం సాయుధ దళాలు ఒకవైపు, మావోయిస్టులు ఒకవైపు నలిపేస్తుంటే సరిహద్దు దాటి ఈ అడవుల్లోకి వచ్చి చెట్టు కొట్టుకుని గుడిసె వేసుకున్నారు. ఆ జుడుం చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 2011లో తేల్చింది గానీ వచ్చినవాళ్లు వచ్చినట్టే ఉండిపోయారు. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13ను గీతగా పెట్టుకుంది. ఆ తేదీకి సాగులో ఉన్న గిరిజనుడికి పట్టా వస్తుంది. ఆ తర్వాత గొడ్డలి పట్టినవాడు ఆక్రమణదారు. పైగా ఛత్తీస్‌గఢ్‌లో షెడ్యూల్డు తెగగా ఉన్నవాళ్లకు తెలంగాణలో ఆ గుర్తింపు లేదు. 2023 జూన్ 30న మొదలుపెట్టి రాష్ట్రం దాదాపు లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాల పైచిలుకు పోడుకు, అంటే అడవి కొట్టి చేసుకునే సాగుకు, పట్టాలు పంచింది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకే అందులో పెద్ద వాటా. ఎర్రబోడు లాంటి గూడేలు ఆ పంపకాన్ని దూరం నుంచి చూశాయి.

అక్కడి నుంచి కొత్తగూడెం దాకా ప్రయాణికుడు పెద్దగా మాట్లాడలేదు. నూట నలభై ఏళ్ల కిందట ఇదే అడవి మనుషులు పోలీసులను చంపిన కథను పౌరుషంగా రాద్దామని బయల్దేరాడు. దారిలోనే ఒక ఉద్యోగి చావు అడ్డం వచ్చింది. ఆయన ఇంట్లో పిల్లలున్నారు. పాతబడితే తిరుగుబాటు, కొత్తదైతే హత్య అని లెక్క వేసుకోవడం ఎంత సుఖమో ప్రయాణికుడికి అర్థమైంది. ఆ సుఖం వద్దనుకున్నాడు. ఆ అధికారి మొక్కలను కాపాడటం తన పని అనుకున్నాడు, అది నిజమే. ఆ మొక్కలు నాటిన నేల తమ తిండి అని గూడెంవాళ్లు అనుకున్నారు, అదీ నిజమే. రెండు నిజాలున్నంత మాత్రాన నరకడం న్యాయమైపోదు.

కొత్తగూడెం బొగ్గు, పాల్వంచ పొగగొట్టాలు. ఈ పాల్వంచ అడవుల్లోనే తెలంగాణ సాయుధ పోరాటం చివరి ఏళ్లలో కోయ గూడేలను ఖాళీ చేయించి, దళాలకు అన్నం దొరక్కుండా జనాన్ని శిబిరాల్లో కుదేశారు. ఇప్పుడా ఆనవాళ్లేమీ లేవు, రోడ్డు బాగుంది.

గోదావరి వంతెన మీదికి వచ్చేసరికి పొద్దు వాలింది. ఏప్రిల్ గోదావరిలో నీళ్లకంటే ఇసుకే ఎక్కువ. భద్రాచలంలో దర్శనం చేసుకుని గుడి మెట్ల మీద కూర్చున్నప్పుడు ఆయనకు నవ్వొచ్చింది. భూమి పన్నుకు సంబంధించి తెలుగువాళ్లు భక్తితో తలుచుకునే నేరం బహుశా ఇదొక్కటే. పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న రైతుల దగ్గర వసూలైన శిస్తు సొమ్ముతో గుడి కట్టించాడని, తానీషా ఆయన్ను గోల్కొండ చెరలో పన్నెండేళ్లు పెట్టాడని చెబుతారు. మరో తహసీల్దారైతే స్వాహా కేసు. ఈయన రామదాసు.

ఇప్పుడు గుడి తెలంగాణలో ఉంది, గుడి మాన్యం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. 2014లో పోలవరం ప్రాజెక్టు ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు భద్రాచలం పట్టణాన్ని మాత్రం ఉంచేసి చుట్టుపక్కల ఊళ్లను అటు ఇచ్చారు. పురుషోత్తపట్నంలో రాముడికి సుమారు 889 ఎకరాలున్నాయి. మెట్లు దిగి పది నిమిషాలు నడిస్తే రాష్ట్రం మారుతుంది. అక్కడ ఆక్రమణలను ఆపబోయిన ఆలయ ఈవో మీద 2025 జూలైలో దాడి జరిగింది. ఆవిడ పనిచేసేది ఒక రాష్ట్రం కింద, దెబ్బలు తిన్నది ఇంకో రాష్ట్రంలో. ఏ ఠాణాకు పోవాలో రాముడికైనా ఒక క్షణం ఆలోచన పడుతుంది.

ఈ తాలూకా గీతలు జరగడం కొత్తేమీ కాదు. 1860 దాకా నిజాముది. ఆ ఏడాది ఒప్పందంతో భద్రాచలం, రేకపల్లి తాలూకాలు ఇంగ్లీషువాళ్ల చేతికి వెళ్లి సెంట్రల్ ప్రావిన్సెస్‌లో కలిశాయి. 1874లో మద్రాసు ప్రెసిడెన్సీకి, గోదావరి జిల్లాకి. 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మానికి. 2014లో మళ్లీ ముక్కలు. ఊరు కదల్లేదు, పైనున్న కచేరీయే కదిలింది. కదిలిన ప్రతిసారీ ఏది నేరం ఏది కాదన్నది కూడా కదిలిందా? మర్నాడు పొద్దున ఎటపాక మీదుగా కూనవరం దారి పట్టినప్పుడు ఆయన మనసులో ఉన్న ప్రశ్న అది.

ఆ దారి అందం చెప్పాలి. కుడిపక్క గోదావరి ఒక వంపులో కనబడి ఇంకో వంపులో మాయమవుతుంది. ఇప్పపువ్వు కాలం అయిపోవస్తున్నా చెట్ల కింద ఇంకా ఆ తీపి, కొంచెం పులిసిన వాసన. కొండల మీద అక్కడక్కడా సన్నని పొగ. పోడుకు కొట్టి ఎండబెట్టిన కంపను వానలకు ముందు తగలబెడుతున్నారు. ఆ బూడిదలో సామలో జొన్నలో కందులో చల్లుతారు. దున్నేది లేదు. రెండు మూడేళ్లు పండాక ఆ చెలక వదిలేసి ఇంకోటి కొట్టుకుంటే పాతదాంట్లో అడవి మళ్లీ లేచేది. ఇప్పుడు వదిలేసి పోవడానికి చోటు లేదు. వదిలితే ఫారెస్టోళ్లు జేసీబీతో ట్రెంచి కొట్టి మొక్కలు పెడతారని భయం. అందుకే ఒకే ముక్కను పట్టుకుని వేలాడుతున్నారు. పోడుకు ఉండే అసలు లక్షణమే, అంటే నేలకు విశ్రాంతినివ్వడమే, ఆ భయంతో పోయింది.

ఒక తునికాకు కల్లం దగ్గర ఆగారు. యాభై ఆకులు ఒక కట్ట. ఆడవాళ్లు లెక్కపెట్టకుండానే చేతి అంచనాతో కట్టేస్తున్నారు. ప్రయాణికుడు ఒక కట్ట విప్పి లెక్కపెట్టబోతే ముసలామె ఒకతె చేతిలోంచి లాక్కుంది. “సర్కారోడివా?” కాదన్నాడు. “మరి లెక్కెందుకయ్యా నీకు?” పక్కనున్నవాళ్లు నవ్వారు. తర్వాత ఆవిడే సొరకాయ బుర్రలోంచి జొన్న జావ వంచి అడ్డాకు దొప్పలో పోసి ఇచ్చింది. చల్లగా, పుల్లగా ఉంది, ఉప్పు తక్కువ. ఆయన ఊళ్లో ఇంటికొచ్చిన మనిషిని ముందు మీదేవూరు, మీరెవరు, ఏమవుతారు అని ఆరా తీసి, ఆనక కూర్చోబెడతారు. ఇక్కడ ఒకే ఒక్క ప్రశ్న. సర్కారువాడు కాకపోతే చాలు, జావ పోస్తారు.

కూనవరంలో శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. ఒకటి కాస్త పచ్చగా, ఇంకోటి మట్టి రంగులో. ఇళ్ల గోడల మీద 2022 జూలై వరద గీత ఇంకా ఉంది. ఆ నెల భద్రాచలం దగ్గర నీళ్లు 71 అడుగులు దాటాయి. చేపల కూరతో అన్నం పెట్టిన హోటలావిడ ఆ గీతను చూపించి, “ఇది వరద. పోలవరం నిండితే గీత కూడా ఉండదు,” అని ఇంకో ముక్క వడ్డించింది.

శబరి వంతెన దాటి వరరామచంద్రపురం మండలంలోకి పోతే రేకపల్లి. చూడ్డానికి మామూలు ఊరు. పెంకుటిళ్లు, చింతచెట్లు, అరుగు మీద పడుకున్న కుక్క. గెజిటీరు తీసి చదువుకోవలసిన చోటు ఇదే.

సెంట్రల్ ప్రావిన్సెస్ కింద ఉన్నప్పుడు ఇక్కడ పోడుకు పన్ను గొడ్డలికి నాలుగణాలు. భూమిని కొలిచేది లేదు, మనిషి దగ్గర గొడ్డలి ఉంటే పావలా కట్టి చేతనైనంత కొట్టుకోవచ్చు. 1874లో తాలూకా మద్రాసు చేతికి వచ్చాక ఆ రేటు ఇంచుమించు మూడింతలైంది. కొన్ని కొండల్లో పోడే కూడదన్నారు. నిన్నటిదాకా పావలా కట్టి చేసుకున్న పని ఇవాళ నేరం. మనిషి అదే, కొండ అదే, గొడ్డలీ అదే. చేతులు మారింది కాగితం ఒక్కటే.

1879 మార్చిలో పక్కనున్న రంపలో పితూరీ, అంటే తిరుగుబాటు, లేచింది. అక్కడి మంట వేరు. ఇంటి కల్లు మీద రంప దొర అయిన మన్సబుదారు పన్నులు, కల్లు గుత్తేదార్లు, లంచాలు మరిగిన పోలీసులు. వాటిని మించి అప్పులు. మైదానం వ్యాపారి కొండవాడితో ఏదో కాగితం రాయించుకుని, దూరాన ఉన్న కోర్టులో దావా వేసి, అవతలివాడు రాకుండానే డిక్రీ తెచ్చుకునేవాడు. ఐదు రూపాయల బాకీకి వంద రూపాయల గొడ్లూ గింజలూ తోలుకుపోయిన సంగతి గెజిటీరులోనే ఉంది. వెంట పోలీసు ఉంటాడు గనక దాన్ని దోపిడీ అనకూడదు. జూలైకి ఆ పితూరీ రేకపల్లికి అంటుకుంది. మరుసటి ఏడాది తమ్మన్నదొర వెంట కోయలు శబరి ఎగువన మల్కనగిరి వైపు మోటు ఠాణాను పట్టుకున్నారు. 1880లోనే తమ్మన్నదొర పోలీసు తూటాకు పడిపోయాడు. మైదానం నుంచి వచ్చిన పటాలాలను మాత్రం తుపాకుల కంటే మన్యం జ్వరమే ఎక్కువ పడగొట్టింది.

అణచివేత ముగిశాక సర్కారు రంప మన్సబుదారును తీసేసింది. అతని కింద ఊళ్లను ఏలే ముఠాదార్లకు తనే సన్నదులిచ్చింది, ఇంటి వాడకానికి కల్లు గీసుకోనిచ్చింది. తను కాల్చి చంపినవాళ్లు అడిగినదాంట్లో కొంత వాళ్లు పోయాక ఒప్పుకుంది. తర్వాత రెండేళ్లకే, 1882లో, మద్రాసు ఫారెస్టు చట్టం వచ్చి రిజర్వు గీతలు మొదలయ్యాయి.

ఊరి చివర ఒక ముసలాయన బందెలదొడ్డి ఉండే చోటని ఒక పడిపోయిన రాతి గోడను చూపించాడు. ఇప్పుడందులో మేక ఒకటి కట్టేసి ఉంది. ఆయన పడిన చిరాకు ఇంకా పచ్చిగానే ఉంది. “గొడ్డుకు రిజర్వని తెలుస్తదా సారూ? గడ్డి కనబడితే పోతది. తోలుకొచ్చి ఇందులో పెట్టేవోళ్లు. రోజుకింత మేత ఖర్చని రాసేవోళ్లు. మేత మాత్రం మేమే తెచ్చి వేసేది.”

ప్రయాణికుడికి అక్కడ ఐర్లండు గుర్తొచ్చింది. ఎక్కడి శబరి, ఎక్కడి ఐర్లండు అనిపించవచ్చు గానీ, సంబంధం ఉంది. మద్రాసు పోలీసును 1859 చట్టంతో కొత్తగా కట్టినప్పుడు దాని మొదటి అధిపతి విలియం రాబిన్సన్ ముందు పెట్టుకున్న నమూనాల్లో ముఖ్యమైనది ఐరిష్ కానిస్టాబులరీ. ఆయుధాలున్న పోలీసు, బారకుల్లో కాపురం, పై నుంచి వచ్చే ఉత్తర్వుకు జవాబుదారీ. అక్కడి కానిస్టేబులును సొంత కౌంటీలో పనిచేయనివ్వరు. రైతు తగాదాలతో అట్టుడుకుతున్న దేశాన్ని అదుపులో పెట్టడానికి తయారైన పనిముట్టది. దాన్ని తెచ్చి మన్యం మొదట్లో నాటారు.

ఐర్లండులో గొడ్ల కథ తలకిందులుగా నడిచింది. అక్కడ పెద్ద పశువుల ఆసాములు మేత బీళ్లను పదకొండు నెలలకు కౌలుకు తీసుకునేవాళ్లు. పన్నెండు నెలలైతే కౌలు హక్కు వస్తుందని ఆ ఎత్తు. చిన్న రైతులకు నేల లేక, ఆసాముల గొడ్లకు వందల ఎకరాలు. 1906 అక్టోబరులో వెస్ట్‌మీత్ కౌంటీలోని డౌన్స్ అనే చోట లారెన్స్ గినెల్ అనే ఎంపీ ఆ బీళ్ల మీద గొడ్లు నిలవకుండా చేయమని పిలుపిచ్చాడు. అక్కణ్నుంచి రాత్రిళ్లు ఊళ్లకు ఊళ్లు కర్రలు పట్టుకుని పోయి, గేట్లు తెరిచి, గొడ్లను మైళ్ల దూరం రోడ్ల మీదికి తోలేసేవి. ఒక్క గొడ్డునూ దొంగిలించరు. తెల్లారి పోలీసులు వాటిని ఏరుకోవాలి. రైతు బిడ్డలే అయిన ఆ కానిస్టేబుళ్లు లాఠీ పక్కనపెట్టి పశువుల కాపర్లయ్యారు. గినెల్‌ను 1907 చివర్లో జైల్లో పెట్టారు. 1909 భూమి చట్టం పశ్చిమ జిల్లాల్లో ఆ బీళ్లను బలవంతంగానైనా కొని పంచే అధికారమిచ్చింది.

అక్కడ జనం దొరల గొడ్లను తోలారు, ఇక్కడ సర్కారు జనం గొడ్లను తోలింది. ఇంకో తేడా ఆయనకు ఎక్కువ పట్టింది. ఐరిష్ పోలీసుకు ఎదుటివాడి భాష తెలుసు, తిట్టూ తెలుసు, పక్క ఊళ్లో మేనత్త ఉండొచ్చు. మన్యం ఎక్కిన పోలీసుకు కోయ మాట రాదు, నీళ్లు పడవు, ఎప్పుడు బదిలీ అవుతుందా అని చూపు కొండ కిందకే. ఆ ఆత్రమే సగం లంచాలకు మూలమని ఆయన ఊహ. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలను మూడు రోజుల్లో మూడింటిని పట్టి తుపాకులు తీసుకున్నాడు. అదే నెలాఖరుకు ఐర్లండులో ఆ పాత కానిస్టాబులరీని రద్దు చేశారు. తల్లి చెట్టును కొట్టేశారు, ఇక్కడ నాటిన కొమ్మ మిగిలింది. ఆ సంగతి ముసలాయనకు చెబితే మేక తాడు సరిచేస్తూ, “ఆ దేశంలో గూడా ఫారెస్టోళ్లుంటరా?” అని అడిగాడు.

సాయంత్రం చింతూరు దారిలో ఒక గూడెం ముందు రోడ్డుకు అడ్డంగా తాడు కట్టి ఉంది. పదిమంది ఆడవాళ్లు, కొప్పుల్లో పూలు, ఒకామె చేతిలో పళ్లెం. భూమి పండగ. విత్తనం వేయబోయే ముందు చేసుకునే పండగకు దారిన పోయేవాళ్లందరూ ఇంత ఇచ్చి పోవాలి. డ్రైవరుకు అలవాటే, ఇరవై కాగితం తీశాడు. వాళ్లు యాభై అడిగారు. కాసేపు బేరం నడిచింది, పాట కూడా నడిచింది. ప్రయాణికుడు జేబులో చెయ్యి పెట్టి చిల్లర కలిపాక ముప్పైకి కుదిరింది. నుదుట బొట్టు పెట్టి, తాడు దించి, ఇక పొమ్మన్నారు.

వెనక ఇంకో బండి హారను కొట్టింది. అటవీ శాఖ జీపు. కారు ముందుకు కదిలాక ఆయన అద్దంలోంచి చూశాడు. ఆడవాళ్లు తాడు మళ్లీ ఎత్తి పట్టుకున్నారు. జీపులోంచి దిగిన గార్డు ముందు జేబు తడుముకుని, లేదని, లోపలున్న సారు వైపు తిరిగాడు.